కొండకు సెలవు దినం

మా తాత ఒక మధ్యాహ్నం లోయ అంచున నిలబడి వేసిన కేక సాయంత్రానికి గానీ తిరిగి రాలేదట. దారిలో వాన తగిలి, వచ్చేసరికి దాని గొంతు బొంగురుపోయి ఉందట. మా నాన్న కేకైతే తిరిగొస్తూ తిరిగొస్తూ అవతలి ఊళ్ళో తప్పిపోయిన ఆవును కూడా తోలుకొచ్చిందట. ఈ రెండూ నేను కళ్ళారా చూడలేదు. చూసినవాళ్ళకంటే బాగా చెప్పగలను, అంతే.

కేకలు వెయ్యడం మా ఇంటి వృత్తి. లోయకు ఇవతల మా ఇల్లు, ఇంటి ముందు మా టీ కొట్టు. అవతల నిట్టనిలువుగా బోడి కొండ. ఇవతలి అంచున నిలబడి కేక వేస్తే ఆ కొండ దాన్ని పట్టుకుని, ఒక్క అక్షరం కూడా తన దగ్గర ఉంచుకోకుండా తిప్పి పంపేది. అంత నిజాయితీ మనుషుల్లో నేను చూడలేదు. యాత్రికుల బస్సు ఉదయం పాత కోట చూపించి, మధ్యాహ్నం మా దగ్గర ఆగి, సాయంత్రం జలపాతానికి వెళ్ళేది. నేను మొదటి కేక వేసి, కొండ గురించి నాలుగు కబుర్లు చెప్పేవాణ్ణి. తర్వాత వచ్చినవాళ్ళంతా తలా ఒక కేక వేసుకుని, తలా ఒక టీ తాగి వెళ్ళేవాళ్ళు. టీ పెట్టడం మా ఆవిడ పని, గ్లాసులు లెక్క చూసుకోవడం మా అమ్మ పని.

మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరేమన్నా బదులు చెప్పకుండా వదలదు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ "ఏమే" అని ఒక్క మాటంటే లోపల్నుంచి పది మాటలు వచ్చేవి. అమ్మ చెవులు మందగించడానికి కారణం వయసు కాదని నా నమ్మకం.

ఒక ఏడాది వానలకు అవతలి కొండ ముఖం సగం ఊడి లోయలో పడింది. పడిన చప్పుడు విని మేం ఉరుమనుకున్నాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు గనక ఆ సంగతి మర్చిపోయాం కూడా. వానలు వెలిసి, కొత్త సీజన్‌లో మొదటి బస్సు వచ్చిన రోజున నేను ఎప్పటిలాగే తలపాగా సర్దుకుని, గుండె నిండా గాలి పీల్చి కేక వేశాను.

రాలేదు.

గోడకు చెప్పుకుంటే గోడైనా కాస్త విన్నట్టుంటుంది. ఆ రోజు లోయలోంచి ఈగ వాలిన చప్పుడు కూడా రాలేదు. బస్సు జనమంతా చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

"రాలేదేం?" అన్నాడొక పెద్దమనిషి.

"ఏదో పనిమీదున్నట్టుందండీ, వచ్చేస్తుంది" అన్నాను.

మళ్ళీ వేశాను. మూడోసారి వేసేసరికి నాకు దగ్గు వచ్చింది గానీ కేక రాలేదు. జనం మొహమొహాలు చూసుకుని, టీలు కూడా తాగకుండా బస్సెక్కారు. బస్సు నడిపేది మా బావమరిదే, మా ఆవిడ తమ్ముడు. అద్దం తుడిచే వంకతో కిందికి దిగాడు.

"బావా, ఏమైంది?"

"గొంతు సరిగ్గా లేదురా."

"నీ గొంతు కోటదాకా వినపడుతుంది. అయింది నీకు కాదు, కొండకు." చేతిలో గుడ్డ మడతపెడుతూ గొంతు తగ్గించాడు. "ఓనరు ఇప్పటికే సణుగుతున్నాడు. ఈ మలుపు తిరిగి రావడం దండగంటున్నాడు. దేశంలో చూడదగ్గ ప్రదేశాలని ఒక పుస్తకం ఉంది కదా, దాన్ని మళ్ళీ వేస్తున్నారట. రాసే ఆయన వచ్చి అన్నీ స్వయంగా చూస్తాడట. అందులో మీ కొండ లేకపోతే నా బస్సు ఇక ఇటు తిరగదు."

మా రోడ్డు మీదికి వచ్చేది ఆ ఓనరు బస్సులే. అవి రాకపోతే టీ కొట్టు లేదు. కొట్టు లేకపోతే ఇంటికి తాళం వేసి, పట్నం వెళ్ళి గోదాములో బస్తాలు మొయ్యడమే. ఈ మాట నేను మా ఆవిడ చెవిలో మెల్లగా చెబుతుంటే, పిడుగు పడినా వినపడని మా అమ్మ గదిలోంచి, "నేను పట్నం రాను. నన్నీ టీ బల్ల కిందే పాతిపెట్టు" అంది.

మా ఆవిడ పాలగిన్నె తోముతూ కాసేపు ఆలోచించింది.

"ఏమండీ, ఇన్నాళ్ళూ ఆ కొండ చేసింది ఏ పని?"

"మనమన్న మాట మనకు చెప్పడం."

"ఆ మాత్రం పని మనిషి చెయ్యలేడా?"

లోయలోకి దిగితే ఏటి మీద నడకవంతెన ఉంది. అది దాటి మేకల దారిన ఎక్కితే, అవతలి కొండకు నడుము ఎత్తున ఒక చదును, దాని ముందు ఒంటె కూర్చున్నట్టు ఒక బండరాయి. దాని వెనక మనిషి కూర్చుంటే ఇవతలి వాళ్ళ కంటికి ఆనడు. మొదటి రోజు నేను వెళ్ళాను. యాత్రికులతో మాట్లాడే పని మా ఆవిడకు అప్పజెప్పాను. అది నా బుద్ధి తక్కువ. కేకలన్నీ నేను బాగానే తిప్పి పంపాను గానీ, మధ్యలో ఒకావిడ, "ఈ కొండ గొప్పతనం ఏమిటమ్మా?" అని అడగడం, "రాయండీ, మొన్న వానలకు కొంచెం ఊడింది" అని మా ఆవిడ చెప్పడం రెండూ నాకు అక్కడిదాకా వినపడ్డాయి. బండ మీంచి జారి ఏట్లో పడేవాణ్ణే.

దానికి అబద్ధం చెప్పడం రాదు. నాకు నిజం చెప్పడం అలవాటు లేదు. అంచేత మర్నాటినుంచి స్థానాలు మార్చుకున్నాం.

ఒక్కటే ఆలోచించలేదు మేం. నేను వేసింది ఆబోతు రంకె లాంటి కేక. తిరిగొచ్చింది మా ఆవిడ గొంతు. జనంలో ఒక లావుపాటి బట్టల వ్యాపారి కనుబొమ్మలు ముడేశాడు.

"మగ గొంతు వెళితే ఆడ గొంతు వచ్చిందేమిటయ్యా?"

"లోయలో ఏరుంది కదండీ. ఆ చన్నీళ్ళ మీదుగా వచ్చేసరికి ఎంతటి గొంతైనా సన్నబడుతుంది. చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తూ మీరు పాట పాడి చూడండి, మీకే తెలుస్తుంది."

ఆయన ఆలోచించి తల ఊపాడు. పక్కాయనకు తనే వివరించి చెప్పాడు కూడా.

అలా సీజన్ పడుతూ లేస్తూ సాగింది. పొద్దు కాస్త ఎక్కగానే మా ఆవిడ కొండకు బయలుదేరేది, బస్సు వెళ్ళాక దిగేది. పైన పెద్ద ఎండ. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఒకరి పేరొకరు అరుచుకునేవాళ్ళు. పిల్లలు కోడికూతలు కూసేవాళ్ళు. అన్నీ తిప్పి పంపేది. అయితే తిట్లు మాత్రం దాని నోట పలికేవి కావు. ఒకడు తమ్ముడితో పోట్లాడి వచ్చాడు కాబోలు, లోయలోకి వంగి "ఒరేయ్ గాడిదా" అని అరిచాడు. "ఒరేయ్ నాయనా" అని వచ్చింది.

"నేనన్నది గాడిద కదండీ" అన్నాడు నాతో.

"వయసులో కొండ పెద్దది బాబూ. దాని పెద్దరికం అది నిలుపుకుంటుంది."

ఆ సాయంత్రం మా ఆవిణ్ణి మందలించాను. "అన్నది అన్నట్టు అనకపోతే ఎప్పుడో దొరికిపోతాం. పుస్తకమాయన ఏ రోజైనా రావచ్చు. నీ సొంత కవిత్వం కలపకు."

అది గ్లాసులు కడుగుతోంది. తలెత్తకుండా అంది, "పొద్దుటినుంచీ ఎవరెవరి మాటలో అంటున్నాను. ఇంటికొచ్చేసరికి నా మాట ఏదో నాకే తోచడం లేదు."

"అదేదో మన ఇంటికి వరమే" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. లేదా నాలుగు అంటుందనుకున్నాను. కడిగిన గ్లాసు పక్కన కడిగిన గ్లాసు బోర్లించుకుంటూ పోయింది.

తర్వాత రోజులూ అంతే. అన్నం పెట్టేది, నీళ్ళు ఇచ్చేది, పడుకునేది. ఒకరోజు మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయికి ఒంట్లో బాగాలేదేమోరా, మాట వినపడటం లేదు" అంది. ఊరంతా అరిచినా వినపడని మనిషికి ఆ నిశ్శబ్దం వినపడింది. నేను మాత్రం సీజన్ గడిచిపోతే అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నాను. మగవాడి బుద్ధి మోకాల్లో ఉంటుందని మా అమ్మ ఊరికే అనదు.

పుస్తకమాయన వచ్చిన రోజున ఎండ మాడిపోతోంది. బస్సు ఎక్కడో చెడి, మధ్యాహ్నం బాగా వాలాక వచ్చింది. ఓనరు ముందు దిగి, దారి చూపిస్తూ ఆయన్ని దింపాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో నల్ల గొడుగుతో ఉన్నాడాయన. కబుర్లు చెప్పే మనిషి కాడు. నేను మా తాత కేక సంగతి ఎత్తుకున్నాను. విన్నాడు, నవ్వలేదు. ఆవు సంగతి చెప్పాను. విన్నాడు. నా కబుర్లకు నవ్వనివాణ్ణి, ఏడవనివాణ్ణి ఆయన్నే చూశాను.

మా అమ్మ ఇచ్చిన టీ తాగుతూ ఆయన కొట్టంతా కలియజూశాడు. పొయ్యి పక్కన గుడ్డ కప్పి ఉన్న టిఫిన్ క్యారియర్ మీద ఆయన చూపు ఆగింది.

"ఇదెవరిదమ్మా?"

ఆ ఒక్క మాటా మా అమ్మకు గంట కొట్టినట్టు వినపడాలా? "మా కోడలిది బాబూ. పొద్దుననగా వెళ్ళింది. క్యారియర్ ఇక్కడే మర్చిపోయింది."

"ఎక్కడికెళ్ళింది?"

అమ్మ లోయవైపు చెయ్యి చాపి, "పనికి" అంది.

ఇంకేం మాట్లాడనివ్వకుండా ఆయన్ని అంచుకు తీసుకుపోయి కేక వేశాను. ఎంత పొడుగ్గా వేశానో అంత పొడుగ్గానూ తిరిగొచ్చింది. బస్సువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఓనరు, తనే ఆ కొండను కన్నట్టు మురిసిపోయాడు.

"నేనొకసారి పిలవచ్చా?" అన్నాడు పుస్తకమాయన.

"మహారాజులా పిలవండి."

ఆయన గొడుగు కింద పెట్టి, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిలా పట్టాడు.

"భోజనం చేశావా అమ్మా?"

లోయ అవతల ఏమీ కదల్లేదు. తిప్పి అనేయ్, అదే మాట తిప్పి అనేయ్ అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను. ఏటి చప్పుడు వినపడుతోంది.

"లేదయ్యా" అంది కొండ. "ఇంటికి దిగుదామంటే మీ బస్సు ఆలస్యమైంది."

బస్సు జనమంతా మెడలు చాచి కొండకేసి చూశారు. పుస్తకమాయన మాత్రం వీధిలో పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఉన్నాడు.

"ఆకలేస్తోందా?"

"వెయ్యదా మరి? మీరు తిన్నారా?"

"రెండు అరటిపళ్ళు తిన్నాను."

"అదేం భోజనం? మా అత్తయ్యనడిగి ఏదైనా పెట్టించుకోండి. మా ఆయన్నడక్కండి, ఆయన పెట్టేవి కథలే."

మొదట వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బస్సుకు బస్సే పగలబడి నవ్వింది. పుస్తకమాయన కూడా నవ్వాడు. మా తాతకూ మా నాన్నకూ నవ్వని మనిషి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఓనరు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఇదేనా ప్రతిధ్వని? నా పరువు తీశావు కదయ్యా." ఈలోగా చంకలో పసిబిడ్డ ఉన్న ఒకమ్మాయి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"అక్కా, మా వాడు రాత్రిళ్ళు నిద్రపోడు. ఏం చెయ్యను?"

"ఎత్తుకుని తిరిగేది ఎవరు?"

"నేనే."

"వాళ్ళ నాన్నకివ్వు. ఆయన ఎత్తుకుని తిరుగుతుంటే ఇద్దరూ నిద్రపోతారు. నువ్వూ పడుకుంటావు."

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అంచుకు వచ్చారు. ఒకావిడ ఆడపడుచు సంగతి అడిగింది. ఒక ముసలాయన తన మోకాళ్ళ సంగతి అడిగాడు. కొండ ఎవరికీ తడుముకోలేదు. ఇన్నాళ్ళూ లోపల పోగుపడిన మాటలన్నీ గట్టు తెగినట్టు వచ్చాయి. జలపాతానికి వేళ మించిపోయిందని మా బావమరిది హారన్ కొడితే, "జలపాతం ఎక్కడికీ పోదు, ఆగవయ్యా" అన్నారు జనం. గుమ్మంలో కూర్చున్న మా అమ్మ, "ఇవాళ బాగా వినపడుతోంది" అంది.

ఓనరు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. పుస్తకమాయన గొడుగు తీసుకుంటూ ఆయనతో అన్నాడు, "దేశంలో మాట తిప్పి చెప్పే కొండలు చాలా చూశానండీ. గుహలూ చూశాను. అన్నీ నేనన్నదే నాకు చెప్పాయి. తిన్నావా అని తిరిగి అడిగింది ఇదొక్కటే."

ఆ క్యారియర్ నేనే పట్టుకుని వంతెన దాటాను. బండ వెనక మా ఆవిడ చెంగు తలమీద వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి భయంగా, "పాడు చేశానా?" అంది.

"తిను ముందు" అన్నాను. పక్కన కూర్చుని, పొద్దుటినుంచీ ఎలా గడిచిందని అడిగాను. అది చెప్పడం మొదలుపెట్టి, చీకటిపడి ఇంటికి చేరేదాకా చెబుతూనే ఉంది.

పుస్తకం వచ్చింది. కోటకూ జలపాతానికీ మధ్య మా కొండకూ చోటు దొరికింది. 'ఇక్కడి కొండ బదులిస్తుంది. వెళ్ళేవారు అడగవలసినది ముందే ఆలోచించుకోవడం మంచిది. కొండ భోజనం చేసే వేళలో పిలవరాదు' అని రాశాడు మహానుభావుడు. ఇక చూసుకోండి. ఒక బస్సు వచ్చేచోట బస్సుల వరస. వాటి వెనక కార్లు. కోటకని బయలుదేరినవాళ్ళు కోట మానేసి మా దగ్గరికి వచ్చారు. జలపాతం కాపలాదారు మా ఆవిడకు కబురంపాడు, కాస్త తన జలపాతం గురించి కూడా నాలుగు మంచి మాటలు చెప్పమని. దూరదేశపు రాజుగారొకరు మారువేషంలో వచ్చి రాణిగారితో తగువు తీర్పించుకుని వెళ్ళారని నేను చెబుతుంటాను. అది నిజమో కాదో కొండనే అడగండి. టీ పెట్టే పని నాది అయింది. ఆ టీ తాగినవాళ్ళు కూడా కొండకే మొరపెట్టుకునేవాళ్ళు.

సీజన్ చివర్లో ఓనరు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడతలు నలగకుండా నా పక్కన బల్ల మీద కూర్చుని, "వచ్చే ఏటి సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు.

"నాదేముందండీ, కొండను అడగండి."

"ఆవిణ్ణి ఒకసారి కిందికి పిలువు."

పిలిచాను. "నేను దిగను. అడిగేదేదో అక్కణ్ణుంచే అడగమనండి" అని జవాబు వచ్చింది. అప్పటికి అంచున రెండు బస్సుల జనం ఉన్నారు. ఓనరు అటూ ఇటూ చూసి, గత్యంతరం లేక చేతులు దోసిలి పట్టాడు.

"అమ్మా, వచ్చే సీజన్ కూడా నువ్వే రోజూ ఉండాలి."

"రోజూ ఉండను. వారానికొక రోజు సెలవు కావాలి."

"కొండకు సెలవేంటమ్మా?"

"మొన్న వానలకు సగం కొండ చెప్పకుండా వెళ్ళిపోయింది. దాన్నెవరైనా అడిగారా?"

జనం ఈలలు వేశారు. ఓనరు జేబురుమాలు తీశాడు.

"సరే, సెలవు తీసుకో."

"ఎండకు పైన రేకుల పందిరి వెయ్యాలి."

"వేయిస్తాను."

"సెలవు రోజున మీ బస్సులో మా ముగ్గురికీ సీట్లు ఉంచాలి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ కోట చూసొచ్చినవాళ్ళ మొహాలు చూస్తున్నాను గానీ కోట చూడలేదు. జలపాతమూ చూడలేదు. చూడదగ్గవన్నీ మా ఇంటికి అటొకటి ఇటొకటి ఉన్నాయి. మేం మధ్యలో గ్లాసులు కడుగుతున్నాం."

ఓనరు నోరు విప్పేలోగా రెండు బస్సుల జనమూ, "ఇవ్వాల్సిందే" అన్నారు.

"సరేనమ్మా" అన్నాడాయన.

"వినపడలేదు."

"సరేనమ్మా, సరే" అని లోయంతా మోగేటట్టు అరిచాడు. ఆ రోజుకు అంతకన్నా మంచి కేక ఎవరూ వెయ్యలేదు.

మొదటి సెలవు రోజున కొట్టు తలుపు మీద 'ఈరోజు కొండ లేదు' అని సుద్దముక్కతో రాసి బయలుదేరాం. మా బావమరిది అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కోట గోడ కనపడగానే మా ఆవిడ కిటికీలోంచి మొహం బయట పెట్టి, బస్సు దిగేదాకా లోపల పెట్టలేదు. బురుజులెక్కాం, ఫిరంగి మీద చెయ్యి వేసి చూశాం. మా అమ్మ ప్రతి స్తంభాన్నీ తట్టి, గట్టిదేనని సర్టిఫికెట్ ఇచ్చింది. చివరికి గైడు మమ్మల్ని కొలువుకూటంలోకి తీసుకుపోయాడు. తలెత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తున గుమ్మటం.

"ఇదే ఈ కోటలోకెల్లా వింత. ఇక్కడ నిలబడి ఏ మాటన్నా అదే మాట పైనుంచి తిరిగొస్తుంది. ఎవరైనా పిలుస్తారా?"

జనమంతా మా ఆవిడవైపు తిరిగారు. అది మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"బాగున్నావా?"

"బాగున్నావా?" అంది గుమ్మటం.

"నేను బాగానే ఉన్నాను. నువ్వో?"

"నువ్వో?" అంది గుమ్మటం.

మా ఆవిడ ఇంకా ఏదైనా వస్తుందేమోనని తలెత్తి కాసేపు మర్యాదగా ఎదురుచూసింది. తర్వాత నావైపు తిరిగి, గుమ్మటం వింటే బాధపడుతుందన్నట్టు గొంతు తగ్గించింది.

"పాపం, దీనికింకా సొంత మాటలు రాలేదండీ."

చెంగు సర్దుకుని, గైడుకంటే ముందు తనే పక్క గదిలోకి నడిచింది.